కొడుకు హాలండు పోతానంటాడు, మామిడితోట అమ్మాలా?

బంగారుపాళ్యం దగ్గర్నుంచి ఒకాయన అడిగింది ఇది: "సార్, మాకు నాలుగెకరాల తోతాపురి తోట ఉండాది. పిల్లోడు బీకాం ఆఖరి సంవత్సరం. మన గుజ్జంతా నెదర్లాండ్స్‌కే పోతాది, ఆడికి పోయి ఇంటర్నేషనల్ బిజినెస్ చదివి కొనేవాళ్ళని పట్టుకుంటే మనమే డైరెక్టుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు అంటాడు. 35 లక్షల దాకా అవుతుందంట. ఒక ఎకరా అమ్మి, మిగిలింది లోను తీసుకుందామా అని చూస్తా ఉండాము. 2025లో కాయ ధర చూసినాక తోట మీద మాకూ ఆశ పోయింది. ఏం చేయమంటారు?"

అన్నా, ముందుగా ఒక మాట. ఎకరా అమ్మే సంగతి ఈ ఏడాది ఎత్తకండి. ఎందుకంటే కొంచెం పొడుగు కథే, ఓపిగ్గా చదవండి, మీవాడి చేత కూడా చదివించండి.

మీవాడు చెప్పింది సగం నిజం. మన మామిడి గుజ్జు పోయే దేశాల్లో సౌదీ, నెదర్లాండ్స్ ముందు వరసలో ఉంటాయి, అది కరెక్టే. కానీ ఆ నెదర్లాండ్స్, అదే హాలండు, ఎంత దేశం అనుకున్నారు? పాత చిత్తూరు జిల్లాకి రెండున్నర రెట్ల పైన, అంతే. జనాభా కోటీ ఎనభై లక్షలు. వాళ్ళేం పొద్దున లేస్తానే కాఫీ మానేసి మ్యాంగో జ్యూస్ తాగరు. అది తాగే దేశం కాదన్నా, దాటించే దేశం. సరుకు రోటర్‌డ్యామ్ రేవులో దిగుతుంది, గోడౌన్లో ఉంటుంది, ఆడినుంచి జర్మనీకో ఫ్రాన్స్‌కో పోలండ్‌కో లారీలో పోతుంది. మన లెక్కల్లో మాత్రం నెదర్లాండ్స్ అని పడుతుంది.

గుజ్జొక్కటే కాదు, అన్నీ అంతే. 2023-24లో మన దేశం నుంచి ఎక్కువ ఎగుమతులు పోయిన దేశాల్లో అమెరికా, దుబాయ్ వాళ్ళ తర్వాత మూడోది నెదర్లాండ్సే, దగ్గర దగ్గర 22 బిలియన్ డాలర్లు. అందులో పెద్ద భాగం డీజిల్, విమానాల ఆయిలు లాంటివి. మరి సైకిళ్ళ మీద తిరిగే ఆ జనం అంత డీజిల్ కాలుస్తారా? యూరప్ మొత్తానికి అది గుమ్మం లాంటిది. రైన్ నది సముద్రంలో కలిసే చోట కూర్చోనుండారు, ఆ నదిలో పడవలెక్కిస్తే సరుకు జర్మనీ దాటి స్విట్జర్లాండ్ దాకా పోతుంది. రోటర్‌డ్యామ్ యూరప్‌లోకెల్లా పెద్ద రేవు, ఏడాదికి దగ్గర దగ్గర 43 కోట్ల టన్నుల సరుకు అక్కడ ఎక్కి దిగుతుంది. 1962 నుంచి 2004 దాకా ప్రపంచంలోనే నంబర్ వన్, తర్వాత ఆసియా రేవులు దాటేసినాయి. వ్యవసాయ ఎగుమతుల్లో కూడా చాలా ఏళ్ళు అమెరికా తర్వాత వీళ్ళదే రెండో పేరు, ఏడాదికి 120 బిలియన్ యూరోల పైమాటే. అయితే అందులో వాళ్ళు పండించనిది కూడా బోలెడు ఉంది. ఒక్క అవకాడో చెట్టు లేకుండా అవకాడోలు ఎగుమతి చేస్తారు, కోకో తోట లేకుండానే ఆమ్‌స్టర్‌డ్యామ్ రేవు ప్రపంచంలో ఎక్కువ కోకో దించుకుంటుంది.

అట్లని వాళ్ళకి సొంత పని లేదని కాదు. హేగ్ పక్కన వెస్ట్‌ల్యాండ్ అని ఉంది, కనుచూపు మేర అద్దాల షెడ్లే. అందులో టమాటా చదరపు మీటరుకి 50 కిలోల పైన తీస్తారు, అంటే మన ఎకరాకి లెక్కేస్తే 200 టన్నులు. మదనపల్లె పక్క పొలంలో 30 టన్నులు పండితే మంచి పంట అనుకుంటాం కదా. (2022లో షెడ్లని వెచ్చగా ఉంచే గ్యాస్ ధర పెరిగినప్పుడు ఆ అద్దాల షెడ్లోళ్ళు కూడా గిలగిలా కొట్టుకున్నారు, అది వేరే సంగతి.) ఆల్స్‌మీర్‌లో పూల మార్కెట్ ఉంది, ఆడ వేలం మన దామలచెరువు మండీకి తిరగేసిన పద్ధతి. మన దగ్గర పాట పైకి పోతాది, ఆడ ధర పైనుంచి గడియారం ముల్లు లాగా దిగుతా వస్తుంది, ముందు బటన్ నొక్కినోడిది సరుకు. ఇంకో పక్క ఏఎస్ఎంఎల్ అనే కంపెనీ, చిన్న చిప్పులు చేయడానికి కావాల్సిన ఈయూవీ మిషన్లు ప్రపంచంలో అదొక్కటే చేస్తుంది. అది ఇంజనీరింగ్ పిల్లోళ్ళ దారి, మీవాడిది కాదు, కాబట్టి వదిలేద్దాం.

ఇంకోటి చెప్పాలి, నవ్వుకుంటారు. ఈ డచ్చోళ్ళు, అంటే నెదర్లాండ్స్ వాళ్ళు, మనకి కొత్తేం కాదు. 1602లో కంపెనీ పెట్టుకుని, 1613 నాటికే పులికాట్‌లో కోట కట్టి కూర్చున్నారు, మన సూళ్ళూరుపేట పక్కన, సరస్సు అవతల. వాళ్ళు ఈడికొచ్చింది బట్టల కోసం. ఆ బట్ట వాళ్ళు కట్టుకోలేదు, తీసుకుపోయి ఇండోనేషియా దీవుల్లో ఇచ్చి మసాలాలు కొన్నారు, ఆ మసాలాలు యూరప్‌లో అమ్ముకున్నారు. నాలుగొందల ఏళ్ళైనా వృత్తి మారలేదు చూడండి.

ఇప్పుడు అసలు విషయం. మీవాడు "కొనేవాళ్ళని పట్టుకుంటే చాలు" అంటున్నాడే, ఆ చాలు అనేదాంట్లోనే ఉంది తంటా అంతా. ఒక లెక్క వేద్దాం. 20 అడుగుల కంటైనర్‌లో అసెప్టిక్ డ్రమ్ములు (క్రిములు చేరకుండా గుజ్జు నింపి సీలు వేసినవి) 80 పడతాయి, డ్రమ్ముకి 215 కిలోలు, అంటే 17 టన్నుల గుజ్జు. టన్ను గుజ్జుకి దగ్గర దగ్గర రెండు టన్నుల కాయ కావాలి, కాబట్టి ఒక్క కంటైనర్‌కి 34 టన్నుల కాయ. మీ నాలుగెకరాలు ఎకరాకి ఐదు టన్నులు కాసినా 20 టన్నులే. అంటే తోట మొత్తం కోసినా ఒక్క కంటైనర్ నిండదు. ఇక ఫ్యాక్టరీ, కోల్డ్ స్టోరేజ్, డ్రమ్ములు, ల్యాబ్ టెస్టులు వేరే. సొంత కాయతో డైరెక్ట్ ఎక్స్‌పోర్ట్ అనేది మీవాడు ఇంకా కాగితం మీద పెట్టి చూసుకున్నట్టు లేదు, అడిగి చూడండి.

కాయ మీది కాకపోయినా పర్లేదు, ఫ్యాక్టరీ దగ్గర గుజ్జు కొని అమ్మే మర్చంట్ ఎక్స్‌పోర్టర్లు ఉన్నారు, అది నిజమైన దారే. కానీ రోటర్‌డ్యామ్‌లో కొనేవాడు అడిగేది ధర ఒక్కటే కాదు. బ్రిక్స్ ఎంత, అంటే గుజ్జులో తీపి కొలత, తోతాపురి మామూలు గుజ్జు 14 ఉండాలి, కాన్సన్‌ట్రేట్ (నీళ్ళు తీసి చిక్కబరిచింది) అయితే 28. ఆమ్లం ఎంత, రంగు ఎట్లా ఉంది, చక్కెర కలిపినారా. అన్నిటికంటే ముఖ్యం మందుల అవశేషాలు. యూరప్‌లో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందుకి 2020లో తలుపులు మూసేశారు, లిమిట్ కిలోకి 0.01 మిల్లీగ్రాము, అంటే లేనట్టే లెక్క. మన తోటల్లో ఆ మందు కొట్టనోళ్ళు ఎంతమంది? మీరే గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. ఫ్రెష్ మామిడి సంగతైతే 2014లో పండుఈగ దొరికిందని యూరప్ మన కాయలు ఆపేసింది, 2015లో గానీ మళ్ళీ తీయలేదు. ఆడ కూర్చున్న మధ్యవాడు ఊరికే తినట్లేదన్నా. వందల కంటైనర్లు తెచ్చుకుని పెట్టుకుంటాడు, టెస్ట్ చేయిస్తాడు, జర్మనీ జ్యూస్ కంపెనీకి ఈ నెల పది డ్రమ్ములు కావాలంటే పది, వచ్చే నెల ముప్పై కావాలంటే ముప్పై ఇస్తాడు, రెండు నెలలు అప్పు కూడా ఇస్తాడు. అవన్నీ మనం చేయగలిగినప్పుడు వాడిని దాటచ్చు. అప్పటిదాకా వాడు మన కస్టమరే, శత్రువు కాదు.

నా సొంతది ఒకటి చెప్తా. ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు చెన్నైలో ఒక ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో కాగితాల పని చేసినా. ఒకసారి ప్యాకింగ్ లిస్ట్‌లో 80 డ్రమ్ములు, బిల్ ఆఫ్ లేడింగ్‌లో, అంటే ఓడ కంపెనీ ఇచ్చే రసీదులో, 78 పడింది, టైపింగ్‌లో పొరపాటు, ఎల్‌సీ (కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇస్తామని బ్యాంకు ఇచ్చే హామీ) మీద డబ్బు రావాల్సిన బ్యాంకు కాగితాలు తిప్పి పంపింది. సరుకు దోవలో ఉంది, డబ్బు ఆగిపోయింది, మా ఓనర్ ఫ్యాక్టరీకి వడ్డీ కట్టుకుంటా కూర్చున్నాడు, నేను మూడు వారాలు నిద్రపోలే. అప్పుడు తెలిసింది ఏందంటే ఈ వ్యాపారం సగం కాగితాల్లో జరుగుతుంది అని. ఇది ఏ దేశంలో ఎంబీఏ చదివినా చెప్పరు, చెప్పినా ఎక్కదు, చేతులు కాల్చుకుంటేనే ఎక్కుతుంది. కాకపోతే వేరేవాళ్ళ డబ్బుతో, జీతం తీసుకుంటా కాల్చుకోవడం మేలు కదా.

మీకు 2025 ఎందుకట్లా అయ్యిందో తెలుసు కదా. ఫ్యాక్టరీల్లో పోయిన ఏటి గుజ్జు అమ్ముడు పోకుండా ఉండిపోయింది, కొత్త కాయ కొనడానికి వెనకాడినారు. ప్రభుత్వం కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, మేము 4, మొత్తం 12 అంది, మీ చేతికి ఎంత వచ్చిందో మీకే తెలుసు. యెమెన్ దగ్గర గొడవతో 2023 ఆఖరి నుంచి చాలా ఓడలు సూయజ్ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయినాయి, పది పన్నెండు రోజులు ఎక్కువ, కిరాయి ఎక్కువ. చూడండి, యాడో ఎర్రసముద్రంలో జరిగిన గొడవ బంగారుపాళ్యం మండీ ధరకి అడ్డం పడుతుంది. ఈ చైన్ మొత్తం చదవగలిగిన పిల్లోడు మన జిల్లాలో ఎంతమంది ఉన్నారు? అందుకే మీవాడి ఆలోచన తప్పని నేను అనడంలా, ఆర్డర్ తప్పు అంటున్నా.

ఇక చదువు. నెదర్లాండ్స్‌లో రెండు రకాల కాలేజీలు, రీసెర్చ్ యూనివర్సిటీలు ఒకటి, అప్లైడ్ సైన్సెస్ అనేవి ఒకటి. మన మూడేళ్ళ బీకాం రీసెర్చ్ యూనివర్సిటీలో మాస్టర్స్‌కి చాలాసార్లు నేరుగా సరిపోదు, ప్రీ మాస్టర్ అని ఇంకో ఏడాది పెట్టమంటారు, ఏజెంట్లు ఈ మాట ఆఖర్లో చెప్తారు. ఫీజు మనలాంటి బయటోళ్ళకి ఏడాదికి 15 నుంచి 20 వేల యూరోలు, కొన్నిచోట్ల ఇంకా పైన. రూము దొరకడం పెద్ద తలనొప్పి, ఆడి పిల్లలకే దొరకట్లేదు. చదువయ్యాక ఒక ఏడాది ఉద్యోగం వెతుక్కునే వీసా ఇస్తారు, అది మంచిదే, కానీ ఆ ఏడాదిలో ఆడి ప్రభుత్వం నిర్ణయించిన జీతం పైన ఇచ్చే, గుర్తింపు ఉన్న కంపెనీ దొరకాలి. ఇంగ్లీషు అందరికీ వస్తుంది, నిజమే, కానీ ట్రేడింగ్ ఆఫీసులో కొత్తగా చేరేవాళ్ళకి డచ్చో జర్మనో అడుగుతారు, ఎందుకంటే వాళ్ళ కస్టమర్ జర్మనీలో ఉంటాడు. అనుభవం లేని బీకాం పిల్లోడికి ఇదంతా నేల విడిచిన సాము. అదే రెండు మూడేళ్ళు గుజ్జు ఎక్స్‌పోర్ట్‌లో పనిచేసి, ఇండియా వైపు ఎవరి ఫ్యాక్టరీ ఎట్లాంటిదో తెలిసినోడైతే, ఆడి ట్రేడర్‌కి వాడు నిజంగా కావాల్సిన మనిషి.

వ్యవసాయం, ఫుడ్ టెక్నాలజీ పిల్లలైతే నా జవాబు వేరేగా ఉండేది, ఆడ వ్యవసాయ చదువులకి పేరున్న వాగనింగెన్ యూనివర్సిటీకి దండం పెట్టి పొమ్మనేవాణ్ణి. డచ్ విత్తనాల కంపెనీలు, పాలీహౌస్ వాళ్ళు మన దేశంలోనే మనుషుల్ని తీసుకుంటారు, ఆ దారి వాళ్ళకి ఉంది.

మీవాడికి నేను చెప్పేది ఇది. డిగ్రీ అయిపోతానే చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ పని చూసుకోవాలి, జీతం తక్కువే ఉంటుంది, పట్టించుకోవద్దు. ఒక సీజన్ ఫ్యాక్టరీలో, తర్వాత ఏడాది చెన్నైలో కస్టమ్స్ ఏజెంటు దగ్గరో ఫ్రైట్ ఫార్వర్డర్ (సరుకు ఓడకెక్కించే ఏర్పాట్లు చూసేవాడు) దగ్గరో. ఎఫ్ఓబీ (ఓడ ఎక్కించే దాకా ధర), సీఐఎఫ్ (ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన ధర) తేడా, ఎల్‌సీ చదవడం, కొన్నోడు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ఈసీజీసీ ఇన్సూరెన్స్ ఎప్పుడు తీసుకోవాలి, వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడాలో రిజిస్ట్రేషన్ ఎట్లా, ఇవన్నీ చేతికి రావాలి. గుజ్జు వద్దనుకుంటే శ్రీసిటీ ఉంది, జపాన్ కంపెనీలు చాలా ఉన్నాయి ఆడ, లాజిస్టిక్స్ డిపార్ట్‌మెంట్లో ఇదే పని. మధ్యలో 500 రూపాయలు కట్టి తన పేరు మీద ఐఈసీ (ఎగుమతి దిగుమతులకి ఇచ్చే కోడ్ నంబరు) తీసుకోమనండి, ఆన్‌లైన్లోనే వస్తుంది, అది తీసుకున్నంత మాత్రాన ఎక్స్‌పోర్టర్ అయిపోడు గానీ ఆశ చల్లారకుండా ఉంటుంది. చదవాలనే ఉంటే ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాయమనండి, ఐఐఎఫ్‌టీ లాంటి చోట ఇంటర్నేషనల్ బిజినెస్ చదవచ్చు, ఫీజు తక్కువేం కాదు గానీ లోను తీర్చే దారి కనపడుతుంది. మూడేళ్ళ తర్వాత కూడా నెదర్లాండ్సే అంటే అప్పుడు నేనే ఫైల్ రెడీ చేసిస్తా.

తోట విషయంలో ఒక్క పని చేయండి. వచ్చే సీజన్‌కి ఏ మందు ఏ తేదీన కొట్టినారో ఒక నోటుబుక్కులో రాయించండి మీవాడి చేత. మీ కాయ ఫ్యాక్టరీకి పోయినప్పుడు ఆ నోటుబుక్కు చూపించమనండి, కొనేవాడు దాన్ని ఎట్లా చూస్తాడో వాడే గమనించనీ. చదువుల్లో దీన్ని ట్రేసబిలిటీ అంటారు, ఆ పేరు తర్వాత నేర్చుకోవచ్చు.

గుజ్జు ఫ్యాక్టరీలు మే ఆఖర్లో కాయ తీసుకోవడం మొదలుపెడతాయి, సీజన్ నడిచే రెండు నెలలే వాళ్ళకి మనుషులు జాస్తి కావాల్సింది, అప్పుడు లోపలికి పోవడం సులువు. కాబట్టి ఏప్రిల్ లోపల బయోడేటా పట్టుకుని ఒకసారి తిరుపతికి రమ్మనండి, ఆదివారం అయితే నేను ఇంట్లోనే ఉంటా. ఆ 35 లక్షల లెక్క ఎవరు ఇచ్చారో ఆ కాగితం కూడా తెమ్మనండి, అందులో ప్రీ మాస్టర్ ఏడాది కలిపినారా లేదా అని ముందు చూద్దాం.