గ్రాంటు కన్నా ముందు కసిమి నానబెట్టండి

ప్రశ్న: అమ్మగారూ, మాది శ్రీకాళహస్తి. పన్నెండు కుటుంబాల వాళ్లం కలిసి రెండేళ్ల కిందట కలంకారీ సంఘం రిజిస్టర్ చేసుకున్నాం. సాంస్కృతిక పనులకు ఎంబసీల వాళ్లు చిన్న గ్రాంట్లు ఇస్తారని విన్నాం. జపాన్ అద్దకం పనివాళ్లను పిలిపించి పది రోజులు కలిసి పనిచేయాలని ఉంది. దరఖాస్తు రాసిపెట్టడానికి ఒకాయన ఇరవై వేలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వొద్దు నాయనా. ఆ డబ్బుతో కోరా గుడ్డ కొనుక్కోండి. జపాన్ కాన్సులేటు చెన్నైలోనే ఉంది. మీ పనికి సరిపడే పథకం ఈ ఏడాది ఏదైనా ఉందా అని ముందు ఒక మెయిల్ పెట్టండి, దానికి ఖర్చేమీ లేదు.

అసలు చిక్కు దరఖాస్తులో కాదు, డబ్బు తీసుకోవడంలో ఉంది. ఎంబసీ ఇచ్చేది ఎంత చిన్న మొత్తమైనా విదేశీ విరాళమే. విదేశీ విరాళాల మీద అదుపు కోసం తెచ్చిన 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ప్రకారం కేంద్ర హోం శాఖ ఒప్పుకోకుండా మీ సంఘం దాన్ని ముట్టుకోకూడదు. పూర్తి రిజిస్ట్రేషన్ కావాలంటే సంఘానికి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో అసలు పని మీద 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. మీకింకా రెండేళ్లే. కాబట్టి ఫలానా దాత, ఫలానా పని, ఇంత మొత్తం అని చూపించి ముందస్తు అనుమతి అడగాలి. దానికి దాత ఇచ్చిన హామీ ఉత్తరం ఉండాలి. ఖాతా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. టెన్షన్ పడకండి, కాగితాలు మీ ఊరి బ్రాంచిలో ఇస్తే చాలు.

అనుమతి ఉన్న పెద్ద సంస్థ పేరున తెప్పించుకుని మేం తీసుకుంటాం అంటారేమో. 2020 సవరణ తర్వాత అలా మళ్లించడం కుదరదు. ఆ సంస్థే కార్యక్రమం నడిపి, మీ పనికి బిల్లు తీసుకుని డబ్బు కట్టడం వేరు. ఆ దారి గురించి మీ ఆడిటరును అడగండి.

తిరుపతిలో ఒక సంగీత సభకు ముప్పయ్యేళ్లు లెక్కలు రాసినదాన్ని. మేమూ ఒకసారి ఒక కాన్సులేటుకు అర్జీ పెట్టాం. నాలుగు పేజీలూ అన్నమయ్య వైభవమే. వాళ్ల దేశం నుంచి వచ్చే వయొలిన్ ఆవిడ ఇక్కడ ఏం చేస్తుందో ఒక్క ముక్క రాయలేదు. పైగా బడ్జెట్‌లో ‘ఇతరములు – 40 వేలు’. తిప్పి పంపేశారు. వాళ్ల మీద చాలా రోజులు కోపంగా ఉండేది. ఆ ‘ఇతరములు’ రాసింది మాత్రం నేనే.

మీరు ‘మా ప్రాచీన కళ’ అని మొదలుపెట్టకండి. కరక్కాయ, పాలు పట్టించి ఆరేసిన గుడ్డ మీద, నల్లరంగు వేసే కసిమిలో ముంచిన కలం పెట్టగానే గీత కళ్లముందే నల్లబడుతుంది చూడండి, అది రాయండి. మన అద్దకపు గుడ్డలు 17వ శతాబ్దంలోనే డచ్చి వాళ్ల ఓడల్లో జపాన్ చేరాయి. అక్కడ వాటిని ‘సరస’ అన్నారు, టీ సామాను దాచుకునే సంచులు కుట్టుకున్నారు. వాళ్లది బియ్యప్పిండి ముద్దతో రంగు అంటకుండా ఆపే పద్ధతి. అది మీరు నేర్చుకుంటారు, కసిమి వాళ్లు నేర్చుకుంటారు. ఏ రోజు ఎవరు ఎవరికి ఏం చూపిస్తారో రాస్తే సగం దరఖాస్తు అయిపోయినట్టే.

బెల్లం, తుప్పు ఇనుము వేసిన కసిమి ఊరడానికి రోజులు పడుతుందని మీకు నేను చెప్పాలా! వాళ్లు దిగకముందే కుండలు సిద్ధంగా ఉండాలి. తేదీలు మాత్రం వేసవిలో పెట్టకండి, స్వర్ణముఖి నదిలో ఇసుకే కనిపిస్తుంది. తప్పదంటే గుడ్డలు ఉతకడానికి నీళ్ల ట్యాంకర్ ఎన్ని ట్రిప్పులో, ట్రిప్పుకు ఎంతో లెక్కవేసి రాయండి. ‘ఇతరములు’లో కలపొద్దు.