పెదనాన్న లెన్సు, నా కెమెరా

ప్రశ్న: మా పెదనాన్న వాడిన కేనన్ ఎఫ్‌డీ 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు అటక మీద దొరికింది. రెండింటినీ కలిపే అడాప్టర్ కొని నా సోనీ ఎ6400 కెమెరాకి పెడితే షట్టరే పడలేదు. ఫ్రెండు మెనూలో ఏదో మార్చాక పడుతోంది గానీ, లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచి ఎఫ్/1.8 పెట్టినా, బాగా మూసి ఎఫ్/11 పెట్టినా ఫొటోలో వెనక మసక ఒక్కలాగే ఉంటోంది. లోపల సాలెగూడులా సన్నటి తీగలు కూడా కనిపిస్తున్నాయి. కేనన్ లెన్సు కాబట్టి కేనన్ డీఎస్ఎల్ఆరే కొనుక్కోమని మా బావ పోరు. ఏం చేయను?
– ఒక పాఠకుడు, పెరంబూర్, చెన్నై

జవాబు: ముందు మీ బావగారి మాట పక్కన పెట్టండి. కేనన్ 1987లో మౌంట్, అంటే లెన్సు కెమెరాకి బిగిసే చోటు, మార్చేసింది. ఎఫ్‌డీ లెన్సు సెన్సర్‌కి 42 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, కేనన్ డీఎస్ఎల్ఆర్‌లో ఆ దూరం 44, అంటే లెన్సుని బాడీలోకి ఇంకా లోపలికి తోయాలి, అది కుదరక మధ్యలో గాజు ఉన్న అడాప్టర్ పెడతారు, ఫొటో పదును కాస్త తగ్గుతుంది. సోనీలో ఆ దూరం 18 మాత్రమే, మిగిలిన 24ని ఉత్త గొట్టం లాంటి అడాప్టర్ నింపేస్తుంది. సొంతింటి కంటే పక్కింట్లోనే బాగా ఇమిడిందన్నమాట!

మీ ఫ్రెండు మార్చింది ‘రిలీజ్ వితౌట్ లెన్స్’, అంటే లెన్సు లేకపోయినా షట్టర్ పడనిచ్చే సెట్టింగు, అయ్యుంటుంది. లెన్సుకీ బాడీకీ కరెంటు సంబంధం లేదు కాబట్టి అసలు లెన్సే లేదనుకుంటుంది కెమెరా. ఇక మసక సంగతి: అడాప్టర్ మీద ‘లాక్’, ‘ఓపెన్’ అని తిరిగే రింగు ఉందా చూడండి. ‘ఓపెన్’లో ఉంటే మీరు ఎంత తిప్పినా అపర్చర్, అంటే వెలుతురు వచ్చే ఆ రంధ్రం, మూసుకోదు. ‘లాక్’ వైపు తిప్పి, లెన్సులోకి చూస్తూ ఎఫ్/11 పెట్టండి, రంధ్రాన్ని మూసే రేకులు దగ్గరకు రావాలి. ఫోకస్‌కి పీకింగ్ (ఫోకస్ కుదిరిన అంచులకి రంగు వేసి చూపించేది) ఆన్ చేయండి, కానీ ఎఫ్/1.8లో దాన్ని పూర్తిగా నమ్మకుండా మాగ్నిఫై చేసి కంటిపాప మీద సరిచూసుకోండి. ఈ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి 50 ఎంఎం లెన్సు దాదాపు 75 ఎంఎంలా దగ్గరగా చూపిస్తుంది, మనుషుల ఫొటోలకి హాయి. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దేది) లేదు, అందుకే షట్టర్ వేగం సెకనులో 1/125 కంటే తగ్గించకండి.

నాకు టెన్షన్ ఆ తీగల గురించే. అది ఫంగస్, మన చెన్నై తేమలో మూలపడ్డ లెన్సులకి మామూలే. కొంచెమే అయితే మామూలు వెలుతురులో తెలీదు, ఎదురెండలో ఫొటో తెల్లగా పాలిపోతుంది. విప్పి తుడిచే మెకానిక్‌కి చూపించండి, గాజు మీది పల్చటి పూత కోటింగ్‌ని తినేసి ఉంటే మాత్రం ఆ మచ్చ పోదు. తర్వాత గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో, తేమ 40-50 శాతం ఉండేలా, మిగతా లెన్సులకి దూరంగా ఉంచండి. బియ్యం డబ్బాలో మాత్రం వద్దండీ, ఆ పిండి లోపలికి పోయిందంటే మళ్లీ అదే మెకానిక్ దగ్గరికి వెళ్లాలి.