పాత పికప్ కొనబోతున్న దంపతులకు

ప్రశ్న: మాది గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గరి పల్లె. నేనూ మా ఆయనా కలిసి సంతల్లో అల్లం, పసుపు, కూరగాయలు కొని పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి వ్యాపారులకు వేస్తుంటాం. ఇన్నాళ్లూ అద్దె బండ్లతోనే నెట్టుకొచ్చాం. ఇప్పుడు నాలుగు లక్షలు కూడబెట్టాం. అందులో లక్షన్నర మా మిషన్ శక్తి మహిళా సంఘం నుంచి నా పేరున తెచ్చిన అప్పు. మా ఆయన మనసు శ్రీకాకుళం జిల్లాలో ఒకరి దగ్గరున్న 2016 నాటి బొలెరో పికప్ మీద పడింది. టాటా ఏస్ లాంటి చిన్న బండి చాలునని నేనంటున్నాను. ఇరవై వేలు బయానా ఇవ్వకపోతే బండి వేరేవాళ్లు పట్టుకుపోతారని అమ్మేవాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. బండి చూడడానికి నేనూ వస్తానంటే, ఆడవాళ్లు వచ్చి చేసేదేముందని మాకు తెలిసిన మెకానిక్ నవ్వాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: మీరు తప్పకుండా వెళ్లాలమ్మా, డబ్బు కూడా మీ దగ్గరే ఉండాలి. మీవారి మీద నమ్మకం లేక ఈ మాట అనడం లేదు. బండి మీద మనసు పడ్డవారికి దాని లోపాలు కనిపించవు, కనిపించినా చిన్నవిగానే తోస్తాయి. రేపు నడపబోయేది ఆయన కాబట్టి బండిని ఆయన చూసుకుంటారు. కాగితాలు చదివే పని, అమ్మేవాడి మాటలు వినే పని, బేరం ఎక్కడ ఆగాలో చెప్పే పని మీరు పెట్టుకోండి. మెకానిక్‌ను కూడా తీసుకువెళ్లండి కానీ, అమ్మేవాడు చూపించిన మెకానిక్ వద్దు.

బయలుదేరే ముందు ఇంట్లో కూర్చుని చేయవలసిన లెక్క ఒకటుంది. గడిచిన నెల రోజుల్లో ఏ సంత నుంచి ఎన్ని బస్తాలు ఎత్తారో, ఎక్కడికి వేశారో ఒక కాగితం మీద రాయండి. ప్రతి బండి ఆర్‌సీలోనూ రెండు బరువులు ఉంటాయి: ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది సరుకుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు. రెండోదానిలోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే ఆ బండి చట్టప్రకారం మోయగలిగిన బరువు. తొలితరం ఏస్ సుమారు 750 కిలోలు మోస్తుంది. యాభై కిలోల బస్తాలు పన్నెండు వేస్తే 600 కిలోలు అవుతాయి, పైన మనుషుల బరువు పడుతుంది. మీ నెల లెక్కలో ఇంతకు మించిన రోజులు మూడో నాలుగో ఉంటే, ఆ రోజుల్లో రెండో ట్రిప్పు వేయడమో, పెద్ద బండిని అద్దెకు పిలవడమో తేలిక. ఎక్కువ బరువుతో పట్టుబడితే 2019 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, పైగా అదనంగా ఉన్న ప్రతి టన్నుకు 2,000 రూపాయలు. ఆ ఒక్క రోజుతో నెల లాభం తుడిచిపెట్టుకుపోతుంది.

అయితే దారి కూడా చూడాలి. కాశీనగర్, పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి మధ్యనే తిరిగేటట్లయితే మీ మాటే సబబు. ఆర్. ఉదయగిరి, మోహన వైపు కొండ సంతలకు కూడా వెళ్లాలన్న ఆలోచన మీవారికి ఉంటే, రెండు సిలిండర్ల 702 సీసీ ఇంజిన్‌తో నిండు బరువు వేసుకుని ఘాట్ ఎక్కడం బండికీ నడిపేవారికీ శిక్షే అవుతుంది. అప్పుడు పికప్ అడగడంలో ఆయన తప్పేమీ లేదు. ఏ సంతలకు వెళ్తారో ముందు తేల్చుకుంటే ఏ బండి అన్న తగవు చాలావరకు దానంతటదే తీరిపోతుంది. ఆర్‌సీలోని మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే సరుకు బండికి పర్మిట్ అక్కరలేదు, దాటితే కావాలి. పికప్‌లలో రెండు రకాలూ ఉన్నాయి కనుక బండి పేరు చూసి అనుకోకుండా అంకె చదవండి. డ్రైవింగ్ లైసెన్సు గురించి చాలామంది అనవసరంగా భయపడుతుంటారు: మొత్తం బరువు 7,500 కిలోలలోపు ఉన్న సరుకు బండిని నడపడానికి మామూలు తేలిక వాహన లైసెన్సు చాలునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఇక బండి దగ్గరికి వద్దాం. పొద్దున్నే వస్తామని, మేము వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని అమ్మేవాడికి ముందే చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో మీకు తెలియకూడదని అమ్మేవాడు అనుకున్నాడన్నమాట. స్టార్ట్ చేశాక ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత విప్పి చూడమనండి. సన్నటి ఆవిరి వస్తే వయసు మళ్లిన ఇంజిన్లలో మామూలే గానీ, పొగ దమ్ము దమ్ముగా ఎగదన్నితే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం, ఇంజిన్ పనికి వచ్చే ఖర్చును అక్కడే ధరలోంచి తీసేయాలి. సైలెన్సర్ దగ్గర నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. వేడెక్కిన తరువాత కూడా తెల్ల పొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగం కింద ఉండే సీలు) పోయిందేమోనని అనుమానించాలి. క్లచ్ సంగతి తెలియాలంటే చదును నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, మూడో గేరులో పెట్టి మెల్లగా క్లచ్ వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోతే ప్లేట్లు బాగున్నట్టు, ఆగకుండా తిరుగుతూనే ఉంటే అరిగినట్టు.

మీకు బండి గురించి ఏమీ తెలియదని అనుకుంటున్నారు కదా, ఈ పనులు మీరే చేయండి. వెనక చక్రాల దగ్గర వంగి కమాను కట్టల్లోని పట్టీలు లెక్కపెట్టండి. రెండు వైపులా పట్టీలు సమానంగా లేకపోయినా, మిగతావి తుప్పు పట్టి ఒక్కటి మాత్రం కొత్త రంగుతో మెరుస్తున్నా, ఆ బండి చేత దాని శక్తికి మించి మోయించారన్నమాట. అదే చూపుతో చాసిస్ పొడవునా వెళ్లి వెల్డింగు అతుకులు ఉన్నాయేమో చూడండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 3219 అని ఉంటే 2019లో 32వ వారంలో తయారైందని అర్థం. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నంత మాత్రాన కొత్తవి కావు, నల్ల పాలిష్ డబ్బా ఎక్కడైనా దొరుకుతుంది. కిలోమీటర్ల మీటరును నేను పెద్దగా నమ్మను. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి మీటరు నలభై వేలు చూపిస్తుంటే రబ్బరునే నమ్మండి.

శ్రీకాకుళం తీరం బండి కాబట్టి ఇంకొకటి అడగాలి, అంతకు ముందు అది ఏం మోసిందని. చేపలు మోసిన బండిలో ఐసు కరిగిన ఉప్పునీరు వెనక బాడీ రేకు సందుల్లోంచి చాసిస్ మీదికి దిగుతుంది, పైన ఎంత రంగు కొట్టినా అడుగున రేకు పొరలు పొరలుగా లేస్తుంది. తాళంచెవితో మెల్లగా గీరండి, పొడిగా రాలితే వెనక్కి రండి. వాసన కూడా ఎండలో బయటపడుతుంది, అందుకే నీడలో నిలబెట్టిన బండిని ఎండలోకి తీయించండి.

నీట మునిగిన బండి సంగతి మా ఇంటి అనుభవమే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి వంశధార, మహేంద్రతనయ పొంగిన తరువాతి ఏడాది మేమూ పాత బండి వెతుక్కుంటున్నాం. ఒక బండి నాకు బాగా నచ్చింది. రంగు కొత్తది, సీటు కవర్లు కొత్తవి, పాట కూడా బాగానే మోగింది. మా ఆవిడ ఎక్కి కూర్చుని, ఎవరూ పెట్టుకోని సీటు బెల్టును చివరిదాకా లాగింది. బయటికి కనిపించే మూర పొడవు శుభ్రంగా ఉంది, లోపల చుట్టుకుని ఉన్న భాగమంతా ఎండిన ఒండ్రుతో గోధుమరంగులో గరగరలాడుతోంది. అమ్మేవాడు మా ఆవిడ వైపు చూడకుండా నాతోనే ధర తగ్గిస్తానన్నాడు. మేము టీ కూడా తాగకుండా వచ్చేశాం. వైర్లలోకి నీరు చేరిన బండి తొలి వానాకాలంలోనే ఒక్కొక్క దీపాన్నీ మింగుతూ పోతుంది.

2020 ఏప్రిల్ తరువాతి బీఎస్–6 (కొత్త కాలుష్య నిబంధనల) బండి చూసేటట్లయితే తాళం తిప్పగానే ఇంజిన్ హెచ్చరిక దీపం వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. ఆరకపోవడం ఎంత చెడ్డదో అసలు వెలగకపోవడం అంతకంటే చెడ్డది, ఎవరో బల్బు పీకేసి ఉంటారు. పాత బీఎస్–4 బండ్లను మన ఊళ్ల మెకానిక్‌లు సులువుగానే విప్పుతారు. కొత్తవాటికి కంప్యూటరుతో పరీక్షించే షాపు కావాలి, మీకు దగ్గరలో అది ఉందో లేదో కూడా లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు కాగితాలు. నిజానికి మీ బండి అసలు ధర ఇక్కడే తేలుతుంది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి యజమాని వరస (ఆయన ఎన్నో యజమానో), అప్పు నమోదు, బీమా గడువు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు చూడండి. చలాన్లు వేరుగా చూడండి, బాకీ ఉన్నవన్నీ అమ్మేవాడే కట్టాలి. సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటితే ఎఫ్‌సీ ఏటా చేయించాలి, కనుక 2016 బండికి ఆ ఖర్చు ప్రతి సంవత్సరమూ ఉంటుంది. ఆర్‌సీ మీద ఫైనాన్సు పేరు ఉంటే, అప్పు తీరిందని నోటితో చెప్పడం చాలదు. ఆ సంస్థ సంతకం చేసిన ఫారం 35, నిరభ్యంతర పత్రం రెండూ చూపించాలి. చాసిస్ నంబరును మీరే చదువుతూ మీవారి చేత ఆర్‌సీతో ఒక్కొక్క అంకే సరిచూడించండి.

ఆంధ్ర నంబరు బండిని ఒడిశాలో పెట్టుకోవాలంటే బండి నమోదైన ఆంధ్ర రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం రావాలి. అమ్మేవాడు ఫారం 29, కొనేవారు ఫారం 30 ఇవ్వాలి. మీ వైపు దరఖాస్తుకు గడువు 30 రోజులు. తరువాత పర్లాకిమిడి కార్యాలయంలో బండి చూపించి, ఒడిశా పన్ను కట్టి గజపతి జిల్లా ఓడీ–20 నంబరు తీసుకోవాలి. ఒక బండిని వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తప్పదు. రెండు కార్యాలయాల చుట్టూ తిరిగే ఖర్చు, పన్ను, పోయే పనిదినాలు కలుపుకుంటే, పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో కాస్త ఎక్కువ ధరకు దొరికే ఒడిశా నంబరు బండే చవక పడవచ్చు. నా సలహా అడిగితే ముందు అటే వెతకండి.

“సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు ఇస్తాను, పేరు తరువాత మార్చుకోండి” అంటే ఒప్పుకోవద్దు. రికార్డులో ఎవరి పేరు ఉంటే వారే ప్రమాద పరిహారానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఇది అమ్మేవాడికి కూడా ముప్పే. ఆ మాట ఆయనకే చెప్పి చూడండి, తొందర కాస్త తగ్గుతుంది. బయానా విషయానికి వస్తే, బండి చూడకుండా పైసా వద్దు. చూశాక నచ్చితే అయిదు వేలు బ్యాంకు ఖాతా ద్వారా వేసి, బండి నంబరు, ఒప్పుకున్న ధర, నిరభ్యంతర పత్రం రాకపోతే డబ్బు వెనక్కి అన్న మాట కాగితం మీద రాయించుకోండి. రాయనంటే ఆ బండి ఇంకెవరైనా పట్టుకుపోనివ్వండి.

ప్రశ్న: మా ఆవిడ ఆదా చేసిన డబ్బుతో చిన్న పికప్ కొంటున్నాం కనుక ఆమె పేరునే రాయించాలని నా కోరిక. లైసెన్సు మాత్రం నాకే ఉంది. ఇద్దరి పేర్లూ వేయించవచ్చా? బీమాలో ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: మీ ఉద్దేశం బాగుంది బాబూ. దంపతులైనా ఆర్‌సీ ఒకరి పేరునే రాయిస్తారు. రెండోవారిని నామినీగా నమోదు చేయించవచ్చు, 2021 నుంచి ఆ వీలు ఉంది. లైసెన్సు లేనివారు యజమానిగా ఉండడానికి ఏ అడ్డూ లేదు, నడిపేవారికి లైసెన్సు ఉంటే చాలు.

చిక్కు బీమా దగ్గర ఉంది. సరుకు బండికి థర్డ్ పార్టీ (బండివల్ల ఇతరులకు జరిగే నష్టానికి) బీమానే పెద్ద ఖర్చు. 7,500 కిలోలలోపు బండ్లకు 2022లో నిర్ణయించిన మూల ప్రీమియం ఏడాదికి 16,049 రూపాయలు. దీనితోపాటు యజమాని–డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఇస్తారు. ఆ పదం జాగ్రత్తగా చదవండి, యజమానే లైసెన్సు కలిగి నడుపుతున్నప్పుడు వర్తించేది అది. బండి మీ ఆవిడ పేరున ఉండి మీరు నడుపుతుంటే అది ఆమెకూ వర్తించదు, మీకూ వర్తించదు. మీ పేరున వేరే వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకుని, డ్రైవరుకు వర్తించే అదనపు రక్షణను పాలసీలో చేర్చమని ఏజెంటును అడగండి.

పాత యజమాని పాలసీ బండితోపాటే వచ్చేస్తుందని కొందరు నిశ్చింతగా ఉంటారు. థర్డ్ పార్టీ భాగం వరకు చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది, అయినా కొన్న 14 రోజుల్లోగా పేరు మార్పుకు బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి. మీ సొంత బండికి జరిగే నష్టం భాగం మాత్రం పేరు మారేదాకా మీది కాదు. అందుకని తాళం చేతికి తీసుకున్న రోజునే, ఇంటికి తోలుకు వచ్చే ముందే, బీమా దరఖాస్తు మీద మీ ఆవిడ సంతకం చేయించండి.