వంకాయ రంగు కాగితం, లోపల పాలు

పోయిన సంచికలో మా బాపు కిరాణ దుకాణం గురించి నాలుగు మాటలు రాశాను. హనుమకొండలో రేకుల కప్పు కింద నడిచిన చిన్న దుకాణం అది. గల్లాపెట్టె పక్కన అద్దాల అల్మారాలో డైరీ మిల్క్ చాక్లెట్ బార్లు ఉండేవని అందులో ఒక్క వాక్యం రాస్తే, ఆ ఒక్క వాక్యం మీదే ప్రశ్నలన్నీ వచ్చాయి. వాటిలో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: డైరీ మిల్క్ మన దేశం కంపెనీదే అనుకుంటూ పెరిగాను. కాదని మా అబ్బాయి వాదిస్తున్నాడు. అసలు ఆ పేరు ఎట్లా వచ్చింది? – ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: మీ అబ్బాయి మాటే నిజం అక్కా. దాన్ని చేసే క్యాడ్‌బరీ కంపెనీ పుట్టిల్లు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్. 1824లో జాన్ క్యాడ్‌బరీ అనే ఆయన అక్కడి బుల్ స్ట్రీట్‌లో ఒక దుకాణం తెరిచి టీ, కాఫీ, తాగే చాక్లెట్ అమ్మడం మొదలుపెట్టాడు. క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం వాళ్లది. మద్యానికి బదులు జనం ఇలాంటివి తాగితే ఇళ్లు బాగుపడతాయని నమ్మినవాళ్లు. కొడుకులు రిచర్డ్, జార్జ్ 1861లో వ్యాపారం చేతికి తీసుకుని, 1879లో ఊరి బయట బోర్న్‌విల్‌లో ఫ్యాక్టరీ కట్టారు.

ఇంత చేసినా పాల చాక్లెట్ దగ్గర మాత్రం వాళ్లు చాలా కాలం వెనకబడే ఉన్నారు. ఎందుకంటే పాలలో ఎక్కువ భాగం నీళ్లే, చాక్లెట్ చేసే కోకో గింజల్లో సగం దాకా కొవ్వు. నూనెలో నీళ్లు పోసినట్టు రెండూ కలవవు. స్విట్జర్లాండ్‌లోని వెవే పట్నంలో డానియల్ పీటర్ అనే ఆయన 1875లో ఈ చిక్కు విప్పాడు. అక్కడి నుంచి పాల చాక్లెట్ అంటే స్విస్ వాళ్లదే అయిపోయింది. క్యాడ్‌బరీ వాళ్లు 1897లో పాలపొడి కలిపి ఒక బార్ చేశారు కానీ, అది గరుకుగా, పొడిపొడిగా ఉండి జనానికి నచ్చలేదు.

వాళ్లు పట్టు విడవలేదు. పొడి మానేసి అసలు పాలకే వచ్చారు. పాలు, చక్కెర కలిపి చిక్కబడేదాకా మరిగించి, అందులో కోకో ముద్ద వేసి ఆరబెట్టే పద్ధతి అది. మన ఇళ్లలో కోవా కాచే అమ్మలకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. పాలు అడుగంటకుండా మరిగి, ఎర్రబడే ముందు వచ్చే కమ్మటి వాసన ఉంటుందే, ఆ రుచే డైరీ మిల్క్‌లోకి వచ్చింది. జార్జ్ క్యాడ్‌బరీ జూనియర్ పూనికతో 1905లో బార్ బజారుకు వచ్చింది. మిగతా చాక్లెట్ల కన్నా ఇందులో పాలు ఎక్కువ. పదేళ్లు తిరగకుండానే వాళ్ల సరుకులో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయేది ఇదే అయింది.

పేరు కోసం మూడు మాటలు అనుకున్నారు: హైలాండ్ మిల్క్, జెర్సీ, డైరీ మెయిడ్. జెర్సీ ఆవు మనకూ తెలిసిందే. డైరీ మెయిడ్ అంటే పాలు పితికే అమ్మాయి. ప్లిమత్ ఊళ్లో దుకాణం నడిపే ఒకాయన కూతురు ‘డైరీ మిల్క్ అంటే ఇంకా బాగుంటుంది కదా’ అన్నదని, అట్లా ఆ పేరు ఖాయమైందని కంపెనీ వాళ్లు చెప్పుకునే కథ. నాకు ఆ కథంటే ఇష్టం. కొట్లో కూర్చున్న పిల్లలకు సరుకు పేర్లు నోటికి ఎట్లా తిరుగుతాయో పెద్దవాళ్ల కన్నా బాగా తెలుస్తుంది. ‘గ్లాసున్నర పాలు’ అనే ప్రచారం 1928లో మొదలైంది. అరపౌను, అంటే సుమారు 227 గ్రాముల చాక్లెట్‌లో గ్లాసున్నర పాలు పడతాయని దాని అర్థం. చేతిలో పట్టుకునే చిన్న బార్‌కు ఆ లెక్క వర్తించదు. రేపర్ మీద పాలు ఒంపుతున్న రెండు గ్లాసుల బొమ్మ ఆ మాటకు గుర్తే.

మన దేశానికి 1948లో వచ్చింది, మొదట్లో బయటి నుంచి తెప్పించి అమ్మేవాళ్లు. తర్వాత ఇక్కడే తయారీ. 2010లో క్రాఫ్ట్ అనే అమెరికా కంపెనీ క్యాడ్‌బరీని కొన్నది, 2012 నుంచి అది మాండెలీజ్ చేతిలో ఉంది.

ప్రశ్న: కోకో మన తెలుగు నేలమీద పండుతుందా? – ఒక రైతు, పరకాల

జవాబు: పండుతుంది. కేరళలో 1965 నుంచి కంపెనీయే రైతులతో సాగు చేయించింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా బాగా వేస్తున్నారు. దానికి నీడ, గాలిలో తేమ కావాలి. మీ పరకాల ఎండకు, పత్తి చేనులాంటి బయలు పొలంలో వేస్తే నిలవదు. శ్రీసిటీలో 2016 నుంచి మాండెలీజ్ ఫ్యాక్టరీ కూడా ఉంది.

ప్రశ్న: ఆ వంకాయ రంగు కాగితం వేరేవాళ్లు వాడకూడదట, నిజమేనా? – డిగ్రీ విద్యార్థిని, కాజీపేట

జవాబు: 1905లో కాగితం లేత ఊదా, మీద ఎర్ర అక్షరాలు. ఇప్పుడు మనం చూసే ముదురు వంకాయ రంగు, బంగారు రంగు 1920 నాటివి. కుడి పక్కకు వాలినట్టుండే ఆ క్యాడ్‌బరీ రాత, ఆ ఇంటివాడు విలియం క్యాడ్‌బరీ సంతకం నుంచి 1921లో తీసుకున్నది. ఆ రంగును తన పేర రాయించుకోవాలని కంపెనీ 2004లో బ్రిటన్‌లో దరఖాస్తు పెడితే నెస్లే అడ్డుపడింది. 2013లో అక్కడి అప్పీల్ కోర్టు నెస్లే వైపు తీర్పిచ్చింది. రంగు ‘ప్రధానంగా’ ఉంటుందని రాసిన మాట స్పష్టంగా లేదన్నది కారణం. రంగు మీద కొట్లాట ఎందుకని మీకు అనిపించవచ్చు. మా దుకాణానికి వచ్చే చదువురాని ముసలవ్వ ‘మనుమడికి వంకాయ రంగుది ఇయ్యి బిడ్డా’ అనేది. ఆమెకు ఆ రంగే పేరు. అది పోతే కంపెనీకి ఏం పోతుందో నాకు అర్థమవుతుంది.

ప్రశ్న: మే నెలలో తెచ్చిన బార్ విప్పితే పైన తెల్లగా పొడి లాగా ఉంది. బూజా, పురుగా అని టెన్షన్ పడ్డాను. పిల్లలకు పెట్టవచ్చా? – ఒక తల్లి, జనగామ

జవాబు: ముందు టెన్షన్ వదలండి. కోకో వెన్న, అంటే కోకోలోని కొవ్వు, సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన ఒంటి వేడి కన్నా తక్కువకే. అందుకే నోట్లో పెట్టగానే కరుగుతుంది. అదే గుణం మన ఎండాకాలంలో శత్రువు. వరంగల్లో మే నెల 42, 43 డిగ్రీలు. బండిలోనో, కొట్లోనో కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టినప్పుడు కొవ్వు పైకి తేలి తెల్లటి పొర కడుతుంది. తింటే ఏమీ కాదు, నోట్లో గరుకుగా ఉంటుంది, అంతే. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే విప్పితే తడి పట్టి, చక్కెర తేలి ఇంకో రకం తెలుపు వస్తుంది. గాలి చొరబడని డబ్బాలో పెట్టి, బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయకండి. సన్నటి జాలీ లాంటి దారాలు, చిల్లులు, నలక కనబడితే మాత్రం పారేయాలి. 2003లో మహారాష్ట్రలో డైరీ మిల్క్ బార్లలో పురుగులు కనబడి పెద్ద గొడవైంది. తర్వాతి ఏడాది మొదట్లోనే కంపెనీ పాత వదులు చుట్టు తీసేసి గట్టిగా సీలు వేసిన రేపర్ తెచ్చింది.

మాకు ఫ్రిజ్ లేదు. వెనక గదిలో రంజన్ (నీళ్ల మట్టికుండ) కింద ఇసుక ఉండేది. బాపు బార్లను రేకు డబ్బాలో పెట్టి, సగం దాకా ఆ ఇసుకలో దించి, మూత మీద తడి గుడ్డ కప్పేవాడు. పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు ఇసుక మీద పోయడం నా పని. ఎవరైనా అడిగినప్పుడే ఒక బార్ తీసి, గుడ్డతో తుడిచి ఇచ్చేవాడు.

ఒక ఏడు సరుకు తెచ్చే ఏజెన్సీ ఆటో మిట్ట మధ్యాహ్నం వచ్చింది. బాపు డబ్బా విప్పి ఒక బార్ మూలను బొటనవేలితో ఒత్తాడు. వేలు లోపలికి దిగింది. వాపసు తీసుకోమంటే వాళ్లు ఒప్పుకోలేదు. రెండు రోజులకు అన్నీ తెల్లబడ్డాయి. తిన్నవాళ్లకు ఏమీ కాదని తెలిసినా బాపు ఒక్కటి కూడా అమ్మలేదు. అమ్మ వాటిని ముక్కలు చేసి, కాగుతున్న బర్రె పాలలో వేసి గరిటెతో తిప్పింది. వాడకట్టు పిల్లలందరం గ్లాసులు పట్టుకుని వరుసగా కూర్చున్నాం. మీ బార్‌ను కూడా అట్లాగే పాలలో వేయండి, చక్కెర మాత్రం వేయకండి.