కోటు మాస్టర్ జవాబులు: సూట్‌కి తగ్గ సెంటు

ప్రశ్న: మాస్టర్ గారూ, మే నెలలో నా రిసెప్షన్. సూట్ కుట్టిస్తున్నాను. మా బావగారు మిలాన్ నుంచి వస్తూ ఒక సెంటు తెచ్చారు. ఇటలీ టైలరింగ్ స్ఫూర్తితో చేశామని డబ్బా మీద రాసుంది, కింద ఓ డి టాయిలెట్ అని ఉంది. కొట్టగానే నిమ్మతొక్క వాసన, కాసేపటికి పౌడర్ వాసన. కానీ బైక్ మీద హైటెక్ సిటీ చేరేసరికి ఏమీ మిగలడం లేదు. ఎక్కువ కొట్టుకోవాలా? అసలు కుట్టుకీ సెంటుకీ సంబంధం ఏమిటి? మా అమ్మ అయితే చార్మినార్ వెళ్లి అత్తరు కొనుక్కోమంటోంది.
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: సంబంధం ఉంది బాబూ, కానీ డబ్బా మీద రాసినంత లేదు. అక్వా ది పార్మా వాళ్ల కొలోనియా అని ఒక సెంటు 1916లో ఇటలీలోని పార్మా ఊళ్లో పుట్టింది. ఇటలీకి సూట్లు కుట్టించుకోవడానికి వచ్చిన హాలీవుడ్ తారలకు టైలర్ల షాపుల్లోనే అది పరిచయమైందని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. ఆ తర్వాత చాలామంది అదే దారి పట్టారు. అయితే నిజంగా టైలర్ షాపులో ఉండే వాసనేదో నాకు తెలుసు. మిషన్ ఆయిలు, తడిగుడ్డ మీద ఇస్త్రీ, పక్కన చల్లారిన చాయ్. దాన్ని ఎవరూ సీసాలో పోసి అమ్మరు.

వాళ్లు చేసేది వేరు. మీకు మొదట తగిలిన నిమ్మతొక్క వాసన బహుశా బెర్గమాట్ అనే పండుది. ప్రపంచంలో ఎక్కువ భాగం ఇటలీ దక్షిణపు కొసన ఉన్న కలాబ్రియాలోనే పండుతుంది. తర్వాత వచ్చిన పౌడర్ వాసన చాలావరకు ఐరిస్ మొక్క దుంపది. తవ్విన వెంటనే ఆ దుంపకు అంత వాసన ఉండదు, ఎండబెట్టి ఏళ్ల తరబడి నిల్వ ఉంచితేనే వస్తుంది. గుడ్డ మీద సుద్దతో గీత గీసినప్పుడు లేచే పొడి వాసన నాకు అందులో కనిపిస్తుంది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలాంటి వాసన కావాలంటే ఆల్డిహైడ్లనే రసాయనాలు వాడతారు. అడుగున దేవదారు, వట్టివేరు ఉంటాయి. వట్టివేరు మనకు కొత్తేమీ కాదు, ఎండాకాలం కూలర్లకు కట్టేదే.

ఇక ఎందుకు నిలవడం లేదంటారా? పుల్లపండ్ల తొక్కల వాసన ఎక్కడైనా ముందు ఎగిరిపోయేదే, మన ఎండకు ఇంకా తొందరగా పోతుంది. పైగా ఓ డి టాయిలెట్‌లో సుగంధ ద్రవ్యం సుమారు 5 నుంచి 15 శాతం, మిగతాదంతా దాదాపు ఆల్కహాలే. ఓ డి పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20 దాకా ఉంటుంది. ఇంకో సంగతి, మీ వాసన మీ ముక్కుకే ముందు అలవాటైపోతుంది. పోయిందనుకుని మళ్లీ మళ్లీ కొట్టుకుంటే లిఫ్టులో పక్కవాళ్లకు తలనొప్పి.

ఎక్కువ కొట్టొద్దని చెప్పడానికి నాకు ఇంకో కారణం ఉంది, అది కుట్టుపనిలోదే. ఇటలీ సూట్ అనగానే మనవాళ్లు భుజాల నిండా ప్యాడ్లు, లోపల గట్టి కాన్వాసు ఊహించుకుంటారు. నేపుల్స్ వాళ్లు 1930లలో చేసింది సరిగ్గా దానికి ఎదురు. రుబినాచీ షాపులో విన్చెన్జో అత్తొలీని అనే కటింగ్ మాస్టర్ అప్పటి ఇంగ్లీషు కోటులోంచి ప్యాడ్ తీసేశాడు, లైనింగ్ తగ్గించాడు, చేతిని చొక్కా చేతిలా చిన్న కుచ్చులతో భుజానికి కలిపాడు. సముద్రం పక్క ఎండ ఊరు, బరువు కోటు ఎవరు మోస్తారు? మన ఊళ్లో మే నెల అంతకన్నా మంట. కాబట్టి మీ సూట్ కూడా ట్రాపికల్ ఉల్లెన్‌లో, అంటే ఎండాకాలానికి నేసే పల్చటి ఉన్ని గుడ్డలో, సగం లైనింగ్‌తో కుట్టించండి. మీ టైలర్ గొణిగినా వినకండి. సెంటు విషయంలోనూ తగ్గించడమే.

స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక వాసన లేని మాయిశ్చరైజర్ రాసి, ఛాతీ మీద రెండు సార్లు కొట్టుకోండి. ఆరాక చొక్కా వేసుకోండి. నూలు చేతిరుమాలుకు ఒకసారి కొట్టి లోపలి జేబులో పెట్టుకోండి, ఫొటోల వేళకు అది పనికొస్తుంది. ఆఫీసుకు బైక్ మీద వెళ్లే రోజుల్లో మెడకు మాత్రం వద్దు. శుద్ధి చేయని బెర్గమాట్ నూనెలో బెర్గాప్టెన్ అనేది ఉంటుంది, ఎండ తగిలితే చర్మం కమిలి మచ్చలు పడతాయి. ఇప్పటి కంపెనీలు చాలావరకు దాన్ని తీసేసే వాడతాయి గానీ, మన ఎండతో పందెం ఎందుకు?

అమ్మగారి మాట కొట్టిపారేయకండి. అత్తరులో ఆల్కహాలు ఉండదు, నూనె కనుక ఒంటిని అంటిపెట్టుకుని నెమ్మదిగా విడుస్తుంది. పాతబస్తీ పద్ధతిలో దూదికి అద్ది చెవి మడతలో పెట్టుకుంటే చాలు. షేర్వానీ వేసే పూట నా ఓటు దానికే. తెల్ల కాలర్‌కు మాత్రం తగలనివ్వకండి. రెండూ కలిపి పూసుకోకండి.

ప్రశ్న: మావారి పట్టు టై మీద సెంటు మచ్చ పడింది. నీళ్లతో రుద్దితే ఇంకా పెద్దదైంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఇక రుద్దకండమ్మా. ఆల్కహాలు ఎగిరిపోయింది, మిగిలింది నూనె మరక, దాని చుట్టూ మీరు తెప్పించిన నీటి మరక. టై పూర్తిగా ఆరాక మచ్చ మీద టాల్కం పౌడర్ చల్లి రాత్రంతా ఉంచి దులపండి. తగ్గకపోతే, పడింది సెంటు అని, నీళ్లు పెట్టామని కూడా చెప్పి డ్రై క్లీనింగ్‌కు ఇవ్వండి. ఈలోగా ఇస్త్రీ మాత్రం పెట్టొద్దు. వేడి తగిలితే మరక పట్టులో దిగిపోతుంది.