రెజల్యూట్ నుంచి గ్రీజ్ ఫియోర్డ్‌కి విమానంలో ఎంత దూరం?

385 కిలోమీటర్లు, అంటే 208 నాటికల్ మైళ్ళు. మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిస్తే వెయ్యి దాటుతోందే అని ఒకరు అడిగారు. గోళాన్ని బల్లపరుపుగా పరిచి చూపే మెర్కేటర్ పటం 75 డిగ్రీల అక్షాంశం దగ్గర దేన్నయినా నాలుగింతలు సాగదీస్తుంది. నిజానికి కెనడా ఉత్తర కొసన నునావుట్‌లో ఉన్న ఈ రెండు ఊళ్ళ మధ్య శంషాబాద్ నుంచి రేణిగుంటకి ఉన్నంత దూరం కూడా లేదు.

మీరే లెక్కేసుకోవచ్చు. రెజల్యూట్ విమానాశ్రయం 74.717 ఉత్తరం, 94.969 పశ్చిమం; గ్రీజ్ ఫియోర్డ్‌ది 76.426, 82.909. రెండు అక్షాంశాల సైన్‌ల లబ్ధం 0.93769. రెండు కొసైన్‌లనీ, రేఖాంశాల తేడా 12.06 కొసైన్‌నీ గుణిస్తే 0.06050. కలిపితే 0.99819, దాని విలోమ కొసైన్ 3.45 డిగ్రీలు. డిగ్రీకి 60 నాటికల్ మైళ్ళు, మొత్తం 207. ధ్రువం వైపు భూమి కాస్త చదును కాబట్టి అసలు లెక్కలో ఇంకొక మైలు కలుస్తుంది. దశాంశాలు మాత్రం కుదించకండి: 0.998 అని సరిపెట్టుకుంటే 403 కి.మీ. వస్తుంది. చాలామంది చేసే ఇంకో పొరపాటు, 74 డిగ్రీల 43 నిమిషాలని 74.43 అని కొట్టడం. ఊరు 32 కి.మీ. దక్షిణానికి జరిగిపోతుంది.

దిక్కు సంగతీ చూసుకోవాలి. 55 డిగ్రీల దిశలో బయల్దేరిన విమానం, తిన్నగానే పోతూ, 66 డిగ్రీల దిశలో చేరుతుంది. అక్కడ రేఖాంశాలు అంత దగ్గరగా ముడుచుకుంటాయి. అయస్కాంత దిక్సూచిని నమ్మడానికి లేదు, ఇక్కడ దిశలన్నీ నిజ ఉత్తరం (భౌగోళిక ధ్రువం వైపు) నుంచి లెక్కపెట్టినవే. 2011 ఆగస్టులో రెజల్యూట్ దగ్గర కొండకి గుద్దుకుని 12 మంది పోయిన ప్రమాదంలో, దిక్సూచి వ్యవస్థ కొన్ని డిగ్రీలు తప్పి చూపడం ఒక కారణమని దర్యాప్తులో తేలింది.

దూరాలు చెప్పే వెబ్‌సైట్లు ఈ దారికి "అరగంట ప్రయాణం" అని రాస్తుంటాయి. జెట్ వేగంతో భాగించేసి చేతులు దులుపుకుంటాయి! గ్రీజ్ ఫియోర్డ్‌లో ఉన్నది కొండల మధ్య అర కిలోమీటరు కంకర రన్‌వే. దిగేది ట్విన్ ఆటర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం, వేగం సుమారు 150 నాట్లు, అంటే గంటకి 150 నాటికల్ మైళ్ళు. గాలి లేకపోతే గంటా 23 నిమిషాలు. 30 నాట్ల ఎదురుగాలి ఉంటే పావు తక్కువ రెండు గంటలు.

అసలు చూడాల్సింది ఇంధనం. పొగమంచు కమ్మి దిగలేకపోతే పక్కన ఇంకో ఊరు లేదు. ఆర్కిటిక్ బే అనే ఇంకో ఊరు కూడా అక్కణ్ణుంచి దాదాపు 385 కి.మీ.లే. కాబట్టి రానూపోనూ 416 నాటికల్ మైళ్ళకి, పైన 45 నిమిషాల నిల్వకి నింపాలి. గంటకి సుమారు 600 పౌండ్లు తాగుతుంది కాబట్టి మొత్తం 2,100 పౌండ్ల పైచిలుకు. ఎదురుగాలి పెరిగిన ప్రతిసారీ ఇంధనం పెరిగి, ఆ మేరకు సామాను పెట్టెలు రెజల్యూట్‌లోనే దిగిపోతాయి. పెట్టెలు రాలేదని విమానం వాళ్ళని తిట్టేవాళ్ళు ముందు ఆ రోజు గాలి ఎటు వీచిందో కనుక్కోవాలి.

చార్టర్ (విమానం మొత్తం అద్దెకి తీసుకునే) ధర అడిగేటప్పుడు కూడా 208 మైళ్ళు అనుకోకండి. ఖాళీగా తిరిగొచ్చే మైళ్ళకీ బిల్లు పడుతుందా అని ముందే తేల్చుకోండి.