లకాన్ చెప్పే 'చీలిన నేను'కీ భాషకీ సంబంధం ఏమిటి?

మనసు చీలడం మానసిక సమస్య కదా, సాహిత్య విమర్శలో దాన్ని భాషతో ఎందుకు ముడిపెడతారని మీ ప్రశ్న. ఫ్రెంచ్ మనోవిశ్లేషకుడు లకాన్ చెప్పే చీలిక జబ్బు కాదు, స్కిజోఫ్రీనియా అసలే కాదు. మాట్లాడే ప్రతి మనిషిలోనూ అది ఉంటుందంటాడు.

1916లో అచ్చయిన భాషావేత్త సొస్యూర్ పాఠాల్లో సంకేతానికి, అంటే మాటకు, రెండు ముఖాలు: శబ్దరూపమైన సూచకం, అది తలపించే భావం, అంటే సూచితం. ఇవి విడదీయరానివని ఆయన అభిప్రాయం. సంకేతానికి సొస్యూర్ గీసిన బొమ్మను లకాన్ 1957లో తలకిందులు చేశాడు. సూచకం పైన, సూచితం కింద, మధ్యలో ఒక గీత. ఆ గీత ఆయనకు అడ్డుగోడ. మాట నేరుగా అర్థాన్ని అందించదు, మరో మాటకు దారితీస్తుంది.

'నేను' కూడా ఒక మాటే. "నేను అబద్ధం చెబుతున్నాను" అన్న వాక్యం చూడండి. అందులో కనిపించే 'నేను' వేరు, ఆ మాట పలుకుతున్న మనిషి వేరు. లకాన్ చెప్పే చీలిక ఇదే. అచేతనం, అంటే మనకు తెలియని మన మనసు, పనిచేసేది ఆ సందులోనే. మనం నోరుజారేదీ అక్కడే.

సాహిత్యంలో దీనికి పేరుపడ్డ ఉదాహరణ, ఎడ్గార్ అలన్ పో రాసిన దొంగిలించిన ఉత్తరం కథ మీద లకాన్ 1955లో చేసిన ప్రసంగం. ఆ ఉత్తరంలో ఏముందో పాఠకుడికి చివరిదాకా తెలియదు. అయినా అది ఎవరి చేతికొస్తే వాళ్ల తీరు మారిపోతుంది. రాణి కళ్లముందే దాన్ని కొట్టేసిన మంత్రి, తర్వాత అచ్చం రాణిలాగే దాన్ని అందరికీ కనబడేచోట పెట్టి పోగొట్టుకుంటాడు. అంటే పాత్ర స్వభావం కన్నా, సూచకం ఎదుట ఆ పాత్ర ఎక్కడ నిలబడిందన్నదే కథను నడుపుతోంది. కథ చెబుతున్న వ్యక్తిని లకాన్ పట్టించుకోలేదని ఫ్రెంచ్ తాత్వికుడు డెరిడా తర్వాత తప్పుపట్టాడు. ఆ అభ్యంతరం నాకు సబబుగానే అనిపిస్తుంది.